షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, మరి గుండె?

ప్రాథమిక వైద్యాన్ని నడిపించే ఆరోగ్య శాఖల అధికారులకు, చికిత్సా మార్గదర్శకాలు రాసే నిపుణుల సంఘాలకు,

నమస్కారం.

నేను ఫ్యామిలీ డాక్టర్ని. ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. జ్వరం దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నీ ముందు నా గదికే వస్తాయి, షుగర్ కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మొదటి డాక్టర్ని నేనే. చాలామందికి నేను తప్ప వేరే డాక్టర్ లేరు. వాళ్లను గుండెపోటు నుంచి, పక్షవాతం నుంచి కాపాడే పనిలో మాకు ఏది అడ్డుపడుతోందో, అందులో మీ చేతిలో ఉన్నదేమిటో చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక ఫైలుతో మొదలుపెడతాను. పేషెంట్ పేరు రాయను. వయసు 58, షుగర్ వచ్చి 11 ఏళ్లు. పిలిచిన రోజుకు తప్పకుండా వచ్చే మనిషి. ఒక రాత్రి ఆయాసం, ఒళ్లంతా చెమటలు. ఛాతీలో నొప్పి లేదు కాబట్టి గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగారు. ఆసుపత్రిలో ఈసీజీ తీసేసరికి గుండెపోటు వచ్చి చాలా గంటలైపోయింది. మూడో రోజు పోయారు.

ఆ తర్వాతి వారం క్లినిక్ మూసేశాక ఒక్కడినే కూర్చుని ఆయన ఫైలు మొదటి పేజీ నుంచి చదివాను. పరగడుపు షుగర్ 62 చోట్ల ఉంది. మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 9 సార్లు చేయించాను. బీపీ 14 సార్లు రాసుంది. అందులో పదిసార్లు పై అంకె 140 దాటింది, పక్కన నా చేతిరాతతోనే ‘మళ్లీ చూద్దాం’ అని ఉంది. కొలెస్ట్రాల్ ఒకే ఒక్కసారి, అదీ ఆరేళ్ల కిందటిది. యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష అసలు లేదు. సిగరెట్ తాగుతారని మొదటి పేజీలో రాశాను, రెండో పేజీ నుంచి దాని ఊసే లేదు. చివరిసారి వచ్చినప్పుడు ఆయన సగటు 6.8. చాలా బాగుందని మెచ్చుకుని, అవే మందులు రాసి పంపాను.

ఆయన భార్య వచ్చి అడిగారు. ‘షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదా డాక్టరుగారూ, మరి ఇలా ఎలా జరిగింది?’

ఆమెకు చెప్పాల్సిన జవాబు నాకు తెలియనిది కాదు. మీకూ తెలుసు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల ప్రాణాలు తీసేవాటిలో ముందుండేది గుండె, రక్తనాళాల జబ్బే. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1979లోనే ఈ మాట లెక్కలతో చెప్పింది. మామూలుగా గుండె జబ్బు విషయంలో ఆడవాళ్లకు కొంత రక్షణ ఉంటుంది, షుగర్ వస్తే అది చాలావరకు పోతుందని కూడా చెప్పింది. 2010లో దాదాపు 7 లక్షలమంది వివరాలు కలిపి చూసినప్పుడు కూడా షుగర్ ఉంటే ముప్పు సుమారు రెండింతలని తేలింది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, చెప్పలేనంత నీరసం మాత్రమే ఉండొచ్చు. ఇవన్నీ నేను పరీక్షల్లో రాసి పాసైన విషయాలే. తెలిసిన డాక్టరు చేతుల్లోనే ఆ ఫైలు అలా తయారైంది. అందుకే మాకు ఇంకో ఉపన్యాసం పెట్టి ఇదంతా మళ్లీ చెబితే సరిపోతుందని అనుకోవద్దని కోరుతున్నాను.

మా గది ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పేషెంట్ లోపలికి రావడమే షుగర్ కాగితం చేత్తో పట్టుకుని వస్తారు. కూర్చోకముందే ‘ఎంతుంది డాక్టరుగారూ?’ అని అడుగుతారు. ఇంట్లో మీటరు ఉంది, వేలు గుచ్చుకుని రోజూ చూసుకుంటారు. పెరిగితే టెన్షన్, తగ్గితే సంతోషం. బీపీకి అలాంటి కాగితం లేదు. ఎవరో ఒకరు పట్టీ కట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి చూస్తే తప్ప తెలియదు. కొలెస్ట్రాల్ పెరిగినా, తగ్గినా ఒంటికి తెలియదు. యూరిన్‌లో అల్బుమిన్ గురించి అడిగిన పేషెంట్ నాకు ఇంతవరకు ఎదురవలేదు. కనిపించే అంకె చుట్టూనే మాటలు తిరుగుతాయి, ఇచ్చిన సమయం దానికే అయిపోతుంది. మా పనితీరు కొలిచేవాళ్లు కూడా చాలా చోట్ల ముందు అడిగేది, ఎంతమందికి షుగర్ అదుపులో ఉందనే.

షుగర్‌ను వదిలేయమని అనడం లేదు. కళ్లు, కిడ్నీలు, కాళ్లు దానిమీదే ఆధారపడి ఉన్నాయి. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో ఆ మేలు స్పష్టంగా చూపించింది. కానీ అదే అధ్యయనంలో బీపీని బాగా తగ్గించినవాళ్లలో పక్షవాతం 44 శాతం తగ్గింది. వాళ్లు చేరిన బీపీ సగటున 144/82 మాత్రమే, అంటే ఈ రోజు మనం సరిపోదనుకునే అంకె. అధ్యయనం ముగిసి రెండు గుంపుల బీపీ ఒకటైపోయాక ఆ లాభం నిలవలేదన్నది ఇంకా ముఖ్యం. బీపీని పట్టుకుంటే పట్టుకున్నన్నాళ్లే ఫలితం. నా ఫైల్లో పదిచోట్ల ఉన్న ‘మళ్లీ చూద్దాం’ అనే మాట ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక్క షుగర్ అంకెనే ఇంకా ఇంకా కిందికి తోస్తే గుండె బాగుపడుతుందా అన్నదానికి కూడా 2008లో జవాబు వచ్చింది. గుండె ముప్పు ఎక్కువున్న పది వేలమందికి పైగా పాల్గొన్న అకార్డ్ అధ్యయనంలో కొందరికి హెచ్‌బీఏ1సీని 6 కంటే తగ్గించాలని గట్టిగా ప్రయత్నించారు. ఆ గుంపులోనే చావులు పెరిగాయి. చికిత్సను ముందే ఆపేయాల్సి వచ్చింది. అయినా 75 ఏళ్ల మనిషి మందులకు కళ్లు తిరిగి పడిపోతున్నా, అంకె 7 లోపు ఉండాలన్న పట్టుదల మా గదుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ పట్టుదల అదే మనిషి బీపీ విషయంలో కనిపించదు.

అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏమవుతుందో డెన్మార్క్‌లోని స్టెనో డయాబెటిస్ కేంద్రం చూపించింది. అక్కడ తీసుకున్నది 160 మందినే. అందరికీ టైప్ 2 షుగర్, యూరిన్‌లో అల్బుమిన్ పోతోంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, వ్యాయామం అన్నీ కలిపి చూసుకున్నారు. దాదాపు 8 ఏళ్లకు రెండో గుంపులో గుండె, రక్తనాళాల ముప్పు సగానికి తగ్గింది. 13 ఏళ్లు దాటాక లెక్క చూస్తే మామూలు వైద్యం అందిన 80 మందిలో 40 మంది చనిపోయారు, రెండో గుంపులో 24 మంది. 21 ఏళ్లకు ఆ గుంపువాళ్ల ఆయుష్షు దాదాపు 8 ఏళ్లు ఎక్కువగా తేలింది. వాళ్లకు వాడిన మందుల్లో చాలావరకు ఈ రోజు మా దగ్గర ఉన్న పాత మందులే.

స్వీడన్ జాతీయ డయాబెటిస్ రిజిస్టర్ నుంచి 2018లో వచ్చిన లెక్క నాకు ఇంకా ఆశ కలిగించింది. టైప్ 2 షుగర్ ఉన్న 2 లక్షల 71 వేలమందిని చూశారు. హెచ్‌బీఏ1సీ, బీపీ, చెడు కొలెస్ట్రాల్, యూరిన్ అల్బుమిన్, పొగతాగడం, ఈ అయిదూ అదుపులో ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, చావు ముప్పు షుగర్ లేనివాళ్లతో పోలిస్తే దాదాపు సమానంగానే ఉంది. షుగర్ వచ్చాక గుండె జబ్బు రాక తప్పదు అని తలరాతలా మాట్లాడే డాక్టర్లు ఈ ఒక్క లెక్క చదివితే చాలనిపిస్తుంది. అయిదు అంకెలు. మా ఫైల్లో ఉండేది ఒకటి.

మరి మిగతా నాలుగూ ఎందుకు రావు? బద్ధకం అనకండి. 2022లో అమెరికాలో కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. 2,500 మంది పేషెంట్లున్న ఒక ఫ్యామిలీ డాక్టరు మార్గదర్శకాల్లో ఉన్నవన్నీ పాటించాలంటే రోజుకు 26.7 గంటలు కావాలట. రోజుకు ఉన్నవే 24. అదే పని నర్సులు, ఆహార నిపుణులు, ఇతర సిబ్బందితో పంచుకుంటే డాక్టరు వాటా 9.3 గంటలకు వస్తుంది. 67 దేశాల వివరాలతో 2017లో వచ్చిన ఇంకో పరిశీలన ప్రకారం ప్రపంచ జనాభాలో దాదాపు సగం ఉన్న దేశాల్లో డాక్టరు ఒక్కో పేషెంట్‌తో గడిపే సమయం 5 నిమిషాలో, అంతకన్నా తక్కువో మాత్రమే. మీరు ఏటా కొత్త మార్గదర్శకాలు ఇస్తున్నారు, మంచి ఉద్దేశంతోనే. వందల పేజీలు. ఆ 5 నిమిషాల్లో నేను వాటిలో ఏ పేజీ తెరవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

సమయం ఎక్కడ పోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. 2004లో వచ్చిన కార్డ్స్ అధ్యయనంలో షుగర్ ఉండి, అప్పటికి గుండె జబ్బు లేని 2,838 మందికి సగం సగంగా అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 10 మిల్లీగ్రాములు, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. వీళ్లలో ఎక్కువమంది కొలెస్ట్రాల్ మరీ ఎక్కువేమీ కాదు. అయినా స్టాటిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా ఉండటంతో రెండేళ్లు ముందే ఆపేశారు. 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న షుగర్ పేషెంట్లకు స్టాటిన్ ఇవ్వాలని ఇప్పుడు చాలా మార్గదర్శకాల్లో ఉంది.

గదిలో జరిగేది ఇదీ. యాభై దాటిన ఒకావిడకు స్టాటిన్ రాస్తాను. ఆవిడ సంచిలోంచి ల్యాబ్ కాగితం తీసి నా ముందు పరుస్తుంది. ‘ఇక్కడ చూడండి, నార్మల్ అని ఉంది కదా. షుగర్ మాత్రలే రెండు పూటలా మింగుతున్నాను, మళ్లీ ఇది కూడానా?’ ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట నిజంగానే నార్మల్ అని ఉంది. ల్యాబ్ అచ్చువేసే హద్దు అందరికీ ఒక్కటే. షుగర్ ఉన్న మనిషికి ఆ హద్దు చాలదని ఆ కాగితం చెప్పదు, నేను చెప్పాలి. ఆ తర్వాత పక్కింటావిడకు స్టాటిన్‌తో కండరాల నొప్పులొచ్చాయన్న సంగతి వస్తుంది. నిజంగా నొప్పులొచ్చేవాళ్లు కొందరున్నారు, కాదనను. కానీ స్టాటిన్ పడక మానేసిన 60 మందితో 2020లో చేసిన ఒక పరీక్షలో, స్టాటిన్ వేసుకున్న నెలల్లో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లోనూ వచ్చింది. ఇదంతా ఓపిగ్గా, ఆవిడ భయాన్ని చిన్నబుచ్చకుండా చెప్పడానికి పది నిమిషాలు కావాలి. బయట బెంచీ మీద ఇరవైమంది ఉంటారు. ‘సరే, వచ్చేసారి చూద్దాం’ అనేస్తాను. ఆ వచ్చేసారి కూడా ఇదే కథ.

నేను మిమ్మల్ని మొదట అడిగేది ఆ ల్యాబ్ కాగితం మార్చమని. షుగర్ ఉందని రాసి పంపిన రక్తానికి, చెడు కొలెస్ట్రాల్ పక్కన ‘షుగర్ ఉన్నవారికి హద్దు వేరు, డాక్టరుతో మాట్లాడండి’ అని ఒక్క వాక్యం అచ్చువేయించండి. అది నాకు పది నిమిషాలు మిగులుస్తుంది. యూరిన్ అల్బుమిన్ పరీక్ష కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ రాస్తే, దాంతోపాటే యూరిన్‌లో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, కొలెస్ట్రాల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్నీ ఒకే టిక్కుతో వెళ్లేలా పరీక్షల చీటీ తయారుచేయండి. విడివిడిగా గుర్తుపెట్టుకుని రాయాలంటే మరిచిపోతాం. మరిచిపోయానని నా ఫైలే సాక్ష్యం. అల్బుమిన్ కనిపించిందంటే కిడ్నీ ఒక్కటే కాదు, గుండె కూడా ప్రమాదంలో ఉందని హెచ్చరిక. ఇంత చౌకగా దొరికే హెచ్చరికను మేం అందుకోలేకపోతున్నాం.

అన్నిటికంటే ఎక్కువగా కావలసింది మనిషి. మా దగ్గర శిక్షణ పొందిన ఒక నర్సు ఉంటే చాలు, సగం పని అయిపోతుంది. పేషెంట్ నా దగ్గరికి రాకముందే బీపీ సరిగ్గా చూసి, బరువు తూచి, సిగరెట్ గురించి అడిగి, కాళ్లు చూసి, అయిదు అంకెలూ ఒక పేజీ మీద రాసి పంపాలి. స్టాటిన్ మాట ముందుగా ఆమె మొదలుపెట్టాలి. రాకుండా ఆగిపోయినవాళ్లకు ఫోన్ చేయాలి. మేం కాపాడలేకపోతున్నవాళ్లలో ఎక్కువమంది మా ఎదురుగా కూర్చున్నవాళ్లు కాదు, ఆరు నెలలుగా కనిపించకుండా పోయినవాళ్లు. ఎవరు రాలేదో చెప్పే రిజిస్టర్ మా దగ్గర లేకపోతే వాళ్లు రాలేదని కూడా మాకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన హార్ట్స్ ప్యాకేజీలో ఇవన్నీ ఉన్నాయి. తేలికైన ఒకే చికిత్సా క్రమం, మందుల సరఫరా, జట్టుగా పనిచేయడం, రిజిస్టర్. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, నియామకపు ఉత్తర్వులు రావాలి.

నిపుణులైన పెద్దలతో ఒక మాట. 2015లో ఎంపా-రెగ్ అధ్యయనం వచ్చినప్పుడు మీలాగే మేమూ ఆశ్చర్యపోయాం. షుగర్‌తోపాటు అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బున్న 7 వేలమందిలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు గుండె సంబంధ మరణాలను 38 శాతం తగ్గించింది. మరుసటి ఏడాది లిరాగ్లుటైడ్ అనే ఇంకో షుగర్ మందు కూడా గుండెకు మేలు చేస్తుందని లీడర్ అధ్యయనం చూపించింది. ఇన్నేళ్లయినా ఈ మందులు అవసరమైన చాలామందికి అందడం లేదు. ఎందుకో నాకు తెలుసు. గుండె డాక్టరు ఇది షుగర్ మందు కదా, షుగర్ డాక్టరు రాస్తారులే అనుకుంటారు. షుగర్ డాక్టరు దగ్గరికి ఆ పేషెంట్ వెళ్లనే వెళ్లరు. నేను మొదలుపెట్టబోతే నిపుణులే మొదలుపెట్టాలన్న నిబంధన అడ్డొస్తుంది, లేదంటే ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారన్న భయం. ముగ్గురు డాక్టర్ల మధ్య పేషెంట్ మిగిలిపోతాడు. మా పేషెంట్‌ను డిశ్చార్జ్ చేసేటప్పుడు ‘మందులు కొనసాగించండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. బీపీ ఎంతకు తేవాలి, చెడు కొలెస్ట్రాల్ ఎంతకు దించాలి, ఏ మందు నేను పెంచొచ్చు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, వాంతులైనప్పుడు ఏది ఆపాలి అని నాలుగు వాక్యాలు రాయండి. మేం ఫోన్ చేసి అడగడానికి వారంలో ఒక గంట కేటాయించండి. ఒక గంట మీరిస్తే మేం పంపే అనవసరపు రిఫరల్ చీటీలు తగ్గుతాయి, పంపాల్సినవాళ్లు ఆలస్యం కాకుండా వస్తారు.

ఏది వద్దో కూడా అంతే స్పష్టంగా చెప్పండి. షుగర్ ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్ అని రాయడం మాలో చాలామందికి అలవాటైపోయింది. 2018లో 15 వేలమందికి పైగా షుగర్ పేషెంట్లతో జరిగిన అసెండ్ అధ్యయనంలో, అప్పటికి గుండె, రక్తనాళాల జబ్బు లేనివాళ్లకు ఆస్పిరిన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 12 శాతం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. ఇటు వచ్చిన లాభం అటు పోయింది. గుండెపోటు వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు మానకూడదు. మిగతావాళ్లకు ఒక మాత్ర తగ్గితే స్టాటిన్‌కు ఒప్పించడం కూడా తేలికవుతుంది.

ఖర్చు ఎక్కువంటారని తెలుసు. కొత్త మందుల విషయంలో ఆ మాట కొంత నిజమే. కానీ బీపీ మందులు, స్టాటిన్, మెట్‌ఫార్మిన్ ఎప్పుడో పేటెంట్ గడువు దాటినవి. సిగరెట్ మానమని చెప్పడానికి ఖర్చు లేదు, చెప్పే మనిషి ఉండాలంతే. ఒక్క గుండెపోటుకు ఆసుపత్రిలో అయ్యే ఖర్చుతో ఆ మనిషికి ఎన్నేళ్ల మాత్రలు వస్తాయో మీ దగ్గరున్న లెక్కలతో మీరే చూసుకోవచ్చు.

మమ్మల్ని కొలవండి, వద్దనను. అయితే షుగర్ అంకె ఒక్కటే చూసి మార్కులు వేయకండి. నా దగ్గరున్న షుగర్ పేషెంట్లలో ఎంతమందికి ఈ ఏడాది అయిదూ చూశాను, బీపీ ఎక్కువున్నవాళ్లలో ఎంతమందికి మందు మార్చాను, స్టాటిన్ ఇవ్వాల్సినవాళ్లలో ఎంతమంది నిజంగా వేసుకుంటున్నారు అని అడగండి. అడిగేవాళ్లుంటే మా చూపు అటు తిరుగుతుంది. నాలో వచ్చిన మార్పు కూడా ఒక చావు అడిగాకే వచ్చింది. అంతదాకా ఆగాల్సిన అవసరం ఇంకో డాక్టరుకు రాకూడదు.

ఆ ఫైలు చదివిన రాత్రి ఒక తెల్లకాగితం మీద స్కేలు పెట్టి అయిదు గడులు గీశాను. మొదట బీపీ, తర్వాత చెడు కొలెస్ట్రాల్, యూరిన్ అల్బుమిన్, సిగరెట్. షుగర్‌ను కావాలనే చివరి గడిలో పెట్టాను. మిగతా నాలుగూ దాటుకుని వస్తే తప్ప కన్ను దానిమీద పడకూడదని. జిరాక్స్ తీయించి ప్రతి షుగర్ పేషెంట్ ఫైలు మీద పిన్ను కొట్టాను. ఖాళీగా ఉన్న గడి నన్ను అడుగుతుంది, పేషెంట్ కూడా అడుగుతారు. మొన్న స్టాటిన్ వద్దన్న ఆవిడే రెండో గడి మీద వేలు పెట్టి, ‘ఇది మూడు నెలల నుంచి రాయలేదేంటి డాక్టరుగారూ?’ అన్నారు. అదే రోజు రక్తం తీయించాను.

ఆ కాగితం నమూనా ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మార్పులు చేయాల్సినచోట చేసి, అచ్చువేయించి, అన్ని ప్రాథమిక వైద్య కేంద్రాలకు పంపమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫ్యామిలీ డాక్టర్